హెడ్మాస్టరుకు వయసు చాలలేదు

గరిడేపల్లి పక్కన ఒక చిన్న ప్రైవేటు బడికి హెడ్మాస్టరైన నరేందర్ ఆ పొద్దున అద్దం ముందు నిలబడి, గుండు నిమురుకుంటూ ఉపన్యాసం వల్లె వేస్తున్నాడు. మొన్ననే కృష్ణ ఒడ్డుకు పోయి మొక్కు తీర్చుకొచ్చాడు. తలనీలాలతో పాటు మీసం కూడా సమర్పించుకున్నాడేమో, బూరెల్లాంటి బుగ్గలు మరీ బయటపడ్డాయి. ఆయన దిగులు మాత్రం బుగ్గల గురించి కాదు. పక్క తండా నుంచి పిల్లల్ని పంపే లింగ్యా పోయిన తల్లిదండ్రుల మీటింగులోనే తెగేసి చెప్పాడు: "పిల్లల ఫోన్ పిచ్చి మాన్పియ్యుండ్రి సారూ. లేకుంటే మా తండా పిల్లలంత మిర్యాలగూడ బడికి పోతరు." వాళ్లు పోతే బడిలో సగం బెంచీలు ఖాళీ.

అందుకే ఇవాళ్టి ఉపాయం. వయసు చాలని పిల్లల్ని సోషల్ మీడియాలోకి రానివ్వకూడదని కొత్త నియమం వచ్చిందాయె. యాప్ ముఖం చూసి వయసు లెక్కగడుతుందట. తల్లిదండ్రులందరికీ అది పెద్ద టీవీలో కళ్లారా చూపిస్తే చాలు, లింగ్యా నోరు మూతపడుతుంది.

"ఇవాళ వద్దండీ," అంది భార్య స్వరూప. ఆమె పుట్టిల్లు కోదాడ. అదే బడిలో లెక్కలు చెబుతుంది. "స్వపరిపాలన దినం కదా. పిల్లలంతా టీచర్ల వేషాల్లో ఉంటారు."

"వేషమేస్తె వయసు మారుతదా? మిషన్‌కు అన్నీ ఎర్కే," అని చెప్పుల్లో కాళ్లు పెట్టాడు నరేందర్. పెళ్లాం మాట విని ఉంటే ఈ కథే లేదు.

హాలు నిండింది. మనవడి వేషం చూసి మురుద్దామని నరేందర్ తల్లి రాధమ్మ కూడా వచ్చి ముందు వరసలో కూర్చుంది. నరేందర్ గొంతు సవరించుకున్నాడు. "మిషన్ పని మిషన్ చేస్తది. మీరు చేసేది ఒక్కటే. పిల్లలు ఏడ్వనీ, అన్నం మానెయ్యనీ, వద్దంటే వద్దే. కరగొద్దు!" రాధమ్మ శ్రద్ధగా తలూపింది.

తన ఫోన్‌ను టీవీకి కలిపి, మొదట లింగ్యా కూతురు నీలాను పిలిచాడు. అయిదో తరగతి పిల్ల. తల్లి చీర కట్టుకుని, కొప్పు పెట్టి, స్వరూప కళ్లద్దాలు తగిలించుకుని హుందాగా వచ్చి ఫోన్ ముందు నిలబడింది. టీవీలో చక్రం గిర్రున తిరిగి, "స్వాగతం! మీరు పెద్దవారే" అని పడింది.

"అరె, మా బిడ్డ గింత పెద్దదెప్పుడైంది సారూ? నిన్నటిదాక ఎత్తుకోమని ఏడ్సె!" అన్నాడు లింగ్యా. హాలంతా గొల్లుమంది.

"అద్దాల తోటి పరేషాన్ అయినట్టున్నది," అంటూ నరేందర్ తన కొడుకు కార్తీక్‌ను లాక్కొచ్చాడు. వాడు తండ్రి చొక్కా తొడుక్కుని, కాటుకతో మీసం దిద్దుకుని హెడ్మాస్టరై ఉన్నాడు. "ముందుగాల మొఖం కడుక్కొని రా, పో!" వాడు కుళాయి దగ్గర రుద్దిన రుద్దుడుకు మీసం కాస్తా చెంపలదాకా పాకి గడ్డమైంది. టీవీ ఈసారి చక్రం కూడా తిప్పలేదు. చూడగానే స్వాగతం పలికేసింది.

లింగ్యా తువ్వాలు దులుపుకుని లేచాడు. "ఇగ నడువుండ్రి. గీ మిషన్‌ను నమ్ముకుంటె ఖతమే." తండావాళ్లు ఒక్కొక్కరే లేవసాగారు.

"ఆగుండ్రి, ఆగుండ్రి! వేషం లేని మొఖం ఒక్కటి సూపిస్త," అని తన సొంత ఖాతా తెరిచి, తన ముఖమే చూపించాడు. రోజూ పొద్దున ఆ ఖాతాలో ఒక సూక్తి చెప్పి వీడియో పెట్టనిదే ఆయనకు చాయ్ దిగదు. చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. నున్నటి తల, నున్నటి మూతి, బూరె బుగ్గలు. చివరికి పెద్ద పెద్ద అక్షరాలు పడ్డాయి: "క్షమించాలి. మీకు వయసు చాలదు. మీ ఖాతా ఆపేశాం. మీ పెద్దవాళ్ల అనుమతి తీసుకోండి."

హాలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. లింగ్యా నవ్వలేక కూలబడ్డాడు. "మీ కార్తీక్‌ను అడుగుండ్రి సారూ, గాయన పెద్దమనిషేనాయె!"

"సైకిల్ కొనిస్తె ఒప్పుకుంట నాన్నా," అన్నాడు కాటుక గడ్డం కార్తీక్.

"ఏం గాదు, ఆధార్ సూపిస్తె అయిపోతది," అని గొణిగాడు నరేందర్.

"ఆధార్ నా బీరువల ఉన్నది. తాళం నా కొంగుకున్నది." రాధమ్మ లేచి వచ్చి కొడుకు చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "పెద్దోళ్లు ఒప్పుకోవాలెనంట గద? నేను ఒప్పుకోను."

"అమ్మా, గిందరి ముంగట ఏందే ఇది?"

"బువ్వ తినేటప్పుడు ఫోనే, పండుకునేటప్పుడు ఫోనే. నా మొఖం సూసి మాట్లాడక ఎన్ని దినాలాయె బిడ్డా?"

నవ్వులు ఆగిపోయాయి. నరేందర్‌కు సిగ్గేసింది, తల్లి మీద బెంగ కూడా కలిగింది. అయినా అలవాటు ఊరికే పోతుందా! "ఇయ్యకుంటే ఇయ్యాల అన్నం తిననే," అన్నాడు.

"తినకు. వద్దంటే వద్దే. కరగొద్దని నువ్వే చెప్తివి గద!"

ముందుగా చప్పట్లు కొట్టింది స్వరూపే. లింగ్యా అయితే తువ్వాలు గాల్లోకి విసిరాడు. "ఇప్పుడు సమజైంది సారూ! మిషన్‌తోటి కాదు, గిట్ల అమ్మతోటి అయితది. మా పిల్లలు ఏడికీ పోరు. పై మీటింగుకు కూడ గీ అమ్మనే మాట్లాడమనుండ్రి." లేచినవాళ్లంతా కూర్చున్నారు. అన్నం ముందు ఎవరి ఫోన్ ఎవరు దాచాలన్న చర్చ చాయ్ చల్లారేదాకా సాగింది.

జుట్టు మొలిచింది, మీసమూ మొలిచింది. ఇప్పుడు నరేందర్ పొద్దున్నే చాయ్ తాగుతూ సూక్తిని తల్లికే వినిపిస్తాడు. నచ్చితే ఆమె తలూపుతుంది, నచ్చకపోతే "నిన్నటిదే మంచిగుండె" అంటుంది. అనుమతి మాత్రం ఇంకా ఇవ్వలేదు. మొత్తానికి ఆ బడిలో కొత్త నియమాన్ని అందరికంటే ముందు పాటించిన పిల్లవాడు హెడ్మాస్టరే.