జమ్మలమడుగు గుండు

ఆ ఆదివారం చేయవలసిన పని చాలా చిన్నది. మనోహర్ భార్యను బండి మీద ఎక్కించుకుని ప్రొద్దుటూరు నుంచి బ్రహ్మంగారిమఠం వెళ్ళాలి, తలనీలాలు సమర్పించాలి, పొద్దు గూకకముందే ఇంటికి రావాలి. కొడుక్కు ఉద్యోగం వస్తే గుండు కొట్టిస్తానని అతని తల్లి సుబ్బరత్నమ్మ ఏనాడో స్వామికి మొక్కుకుంది. హోసూరులో ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం రానే వచ్చింది. శుక్రవారం మొగుడూ పెళ్ళాలిద్దరూ సామాను సర్దుకుని వెళ్ళిపోతున్నారు. తల కొడుకుదైనా మొక్కు తనది కాబట్టి, ఆ తల ఊరు దాటేలోపల పని పూర్తి కావాలని ఆవిడ పట్టు.

మొగుడి మఠం ప్రయాణం పావనికి మింగుడుపడలేదు. పావని పులివెందుల పిల్ల, మనోహర్‌కు సొంత మేనమామ నాగేంద్ర కూతురు. ఈ ఊరు వదిలేలోగా మొగుడితో ఒంటరిగా ఎక్కడికైనా వెళ్ళి రావాలని ఎండాకాలం మొదలైనప్పటి నుంచి ఆమె కోరిక. ప్రయత్నాలు జరగకపోలేదు. పులివెందులలో సినిమాకని బయలుదేరితే పావని అమ్మా, నాన్నా, పక్కింటావిడా కూడా తయారయ్యారు. మనోహర్‌కు సీటు పక్కింటావిడ పక్కన దొరికింది. లింగాల దగ్గర చీనీకాయల తోట చూసొద్దామని వెళితే, పావని పుట్టింటివాళ్ళు చాపలతో, క్యారియర్లతో అప్పటికే తోటలో కూర్చుని ఉన్నారు. ఇక మిగిలింది గండికోట. ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి ఫొటోలు దిగిపోతున్నారు, పక్కనే పుట్టి పెరిగిన తాను చూడకుండా పోవడమేమిటని ఆమె బాధ. ఈ ఆదివారం పోతే ఇంక ఆదివారం లేదు.

"మఠం ఒక దిక్కు, కోట ఇంకో దిక్కు. ఒక దినంలో రెండూ అయ్యే పని కాదు," అన్నాడు మనోహర్ బండి తుడుస్తూ, గొంతు తగ్గించి.

"అత్తకు కావాల్సింది గుండు. గుండు జమ్మలమడుగులో కొట్టరా బావా? మళ్ళీ వచ్చినప్పుడు మఠం పోయి స్వామికి దణ్ణం పెట్టుకుందాం. కోట చూసుకోని, తలకింత గంధం పూసుకోని ఇంటికొస్తే ఎవురికి తెలుస్తాది?"

"గంధం యాడ తెస్తావు?"

పావని బ్యాగు తెరిచి చిన్న డబ్బా చూపించింది. గంధం రాత్రే అరగదీసి పెట్టింది. ఇంత ముందుచూపు ఉన్న మనిషితో వాదించే శక్తి మనోహర్‌కు లేదు.

ఆ సంగతి తెలియని సుబ్బరత్నమ్మ "మొక్కు తీర్చేదానికి ప్యాంటేసుకోని పోతావా?" అని కొడుకు చేత తెల్లపంచె కట్టించి, చేతిలో టెంకాయ పెట్టి సాగనంపింది. తండ్రి ఆదినారాయణ అప్పటికే ఇంట్లో లేడు. బట్టల అంగడికి సరుకు పంపే పార్టీ ఎవరో ఎర్రగుంట్ల స్టేషన్లో దిగుతున్నాడని చెప్పి, తెల్లారకముందే వెళ్ళిపోయాడు. ప్రొద్దుటూరు బట్టల అంగళ్ళలో ఆదినారాయణ జుట్టుకు పేరుంది. ఆ వయసులో అంత ఒత్తుగా, అంత నల్లగా ఇంకెవరికీ లేదు. నలుపు మాత్రం వారానికొకసారి కొత్తగా వచ్చేది. దేవుడికి వెంట్రుకలెందుకే అని భార్యను ఎగతాళి చేయడం ఆయనకు ఇష్టమైన కాలక్షేపం.

జమ్మలమడుగులో గుండు నున్నగా దిగింది. కళ్ళు మూసుకుని కూర్చున్న మనోహర్ తెరిచి చూసేసరికి మీసం కూడా లేదు.

"మీసమెందుకు తీసినావప్పా?"

"గుండంటే మీసం గూడా కదన్నా," అన్నాడు మంగలి, మనస్ఫూర్తిగా ఆశ్చర్యపోతూ.

బయట నిలబడ్డ పావని అతన్ని చూసి మొదట గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక నవ్వు మొదలైంది. చిన్ననాటి నుంచి చూస్తున్న బావ ఉడకబెట్టిన గుడ్డులాగా ఎదురొచ్చేసరికి పాపం ఆ అమ్మాయి మాత్రం ఏం చేస్తుంది! బండెక్కాక కూడా ఆగలేదు. కళ్ళ నిండా నీళ్ళు. కొంగు నోట్లో కుక్కుకుని, నొసలు అతని వీపుకు ఆనించి, భుజాలు ఎగరేస్తూ కూర్చుంది. హెల్మెట్ కొత్త గుండు మీద నిలబడక జారిపోతుంటే మనోహర్ దాన్ని మోచేతికి తగిలించుకున్నాడు. గంధం ఇప్పుడే పూస్తే ఎండకు రాలిపోతుందని, దాన్ని సాయంత్రానికి దాచిపెట్టారు.

అక్కడే వచ్చింది చిక్కు. మన వైపు గంధం పూసిన గుండు దేవుడి గుండు. గంధం లేకుండా, మీసం కూడా తీసేసి, తెల్లపంచె కట్టి కనిపిస్తే అది తండ్రి పోయిన గుండు. ఈ తేడా చిన్నపిల్లలకు కూడా తెలుసు. జమ్మలమడుగు మెయిన్ రోడ్డులో కిరాణా అంగడి నడిపే బాలకృష్ణయ్యకు ఇంకా బాగా తెలుసు. ఆయన ఆదినారాయణకు అన్న వరస. అంగడి ముందు నుంచి వెళ్ళిన బోడిగుండునీ, వెనక కొంగు నోట్లో కుక్కుకుని కుమిలిపోతున్న కోడలినీ చూసేసరికి ఆయన చేతిలోని తూకపు గిన్నె కింద పడింది. "మనోహరా!" అని కేకేసేలోగా బండి దాటిపోయింది. వెంటనే తమ్ముడికి ఫోన్ చేశాడు. స్విచాఫ్. ఆ మాట విన్నాక బాలకృష్ణయ్యకు అనుమానం మిగలలేదు. పులివెందులకు, నాగేంద్రకు ఫోన్ కలిపాడు.

"మీ బావ పోయినాడంట కదప్పా! మాకొక్క మాటన్నా చెప్పకపోతిరి!"

"ఏమంటాండావు! ఎవురు చెప్పినారు?"

"చెప్పేదేంది, కండ్లతో చూసినా. మనోహరుడు బోడిగుండుతో పాయె. మీ పాప ఎనక కూర్చోని ఒకటే ఏడుపు."

"అది మఠం గుండేమో. మా అక్క మొక్కుకోనుండాది."

"మఠం గుండు జమ్మలమడుగులో ఎందుకుంటాది? గంధం యాడ? మీసం యాడ? కర్మ చేయించే అయ్యవారిని పిల్చుకపోయేదానికి వచ్చినట్టుండాడు. బావకు ఫోన్ చేసి చూడు, స్విచాఫ్ అంటాది."

నాగేంద్ర చేసి చూశాడు. స్విచాఫ్ అంది. అక్కకు చేద్దామనుకున్నాడు కానీ, మీ ఆయన పోయినాడా అని ఏ నోటితో అడుగుతాడు? మారు మాట లేకుండా కారు తీయించి, ముసలి తల్లి వనజమ్మను వెనక సీట్లో ఎక్కించి, దారిలో ఒక పూలదండ తీసుకుని బయలుదేరాడు.

ఇవేవీ తెలియని ఇద్దరు గండికోటలో ఎర్రబండల అంచున కూర్చుని ఉన్నారు. లోయ అడుగున పెన్న సన్నగా, పచ్చగా మెరుస్తోంది. పావని నవ్వడం మానేసి చాలాసేపు అలాగే చూసింది.

"ఇంత దగ్గర పెట్టుకోని ఇన్నాళ్ళు ఎందుకు రాలేదు బావా?"

"మీ నాయనకు చాప పరిచే జాగా లేదని."

పావని మళ్ళీ నవ్వింది. తన కొంగు చాచి ఎండకు కాలిపోతున్న అతని గుండు మీద కప్పింది. ఆ వేసవిలో ఎవరూ పిలవకుండా, ఎవరూ పక్కకు జరగమనకుండా వాళ్ళు గడిపిన గంట అదొక్కటే. ఇద్దరికీ ఎంతో సంతోషంగా ఉంది. అంతలో ఎక్కడి నుంచో కాస్త సిగ్నల్ వచ్చి మనోహర్ ఫోన్ మోగింది.

"ధైర్యంగా ఉండు నాయనా," అంది నాగేంద్ర గొంతు. "ముద్దనూరు దాటినాము. నువ్వే ఇట్లయిపోతే మీ అమ్మనెవురు చూసుకుంటారు?"

"ఏమైంది మామా?"

"ఏమైందని నన్నడుగుతాండావా! మీ నాయన ఇట్ల మనల్నిడిసిపెట్టి..."

సిగ్నల్ పోయింది. మనోహర్ అటూ ఇటూ పరుగెత్తి, బండ మీదికెక్కి, తండ్రికి చేశాడు. స్విచాఫ్. తల్లికి చేశాడు. మోగింది, ఎత్తలేదు. ఆవిడ ఫోన్ కింద పెట్టి మిద్దె మీద వడియాలు పెడుతోందని అతనికేం తెలుసు? ఆ బండ మీదే చతికిలబడ్డాడు. తన తెల్లపంచె చూసుకున్నాడు. గుండు తడుముకున్నాడు. మీసం ఉండాల్సిన చోట తడుముకున్నాడు.

"స్వామిని మోసం చేస్తిమి పావనీ. నాయన పోయినోని మాదిరి ముందే తయారై కూర్చుంటి. పొద్దున నాయన మొగం గూడా చూడకపోతి," అన్నాడు.

ఈసారి పావని నిజంగానే ఏడ్చింది. ఈ ఆలోచన తనది. గంధం తనది. మామ ఆమెను ఏనాడూ గట్టిగా ఒక మాట అనలేదు. తిరుగు దారిలో జమ్మలమడుగు చేరేసరికి బాలకృష్ణయ్య అంగడి మూసి ఉంది. పండగనాడు కూడా మూయని అంగడి అది. దాంతో ఉన్న కాస్త ఆశా అడుగంటింది.

ప్రొద్దుటూరులో ఆ సరికి ఇంకో వేడుక జరుగుతోంది. నాగేంద్ర కారు దిగి "అక్కా!" అని బావురుమంటూ లోపలికి వచ్చాడు. పిండి చేతులతో మిద్దె దిగిన సుబ్బరత్నమ్మ తమ్ముడిని చూసింది, అతని చేతిలోని పూలదండను చూసింది. ముసలి తల్లి ఉండే పులివెందుల నుంచి తమ్ముడు ఏడుస్తూ వస్తే ఏమనుకోవాలి? "అమ్మా! నన్నిడిసిపెట్టి పోతివా అమ్మా!" అని గుమ్మంలోనే కూలబడింది. అక్క ఏడుపు విని నాగేంద్ర బావ పోయిన మాట ఖాయం చేసుకున్నాడు. ఏడుపులు విని వీధి వీధంతా వాకిట్లో చేరింది. ఎవరు పోయారని అడగడం బాగుండదని ఎవరూ అడగలేదు.

సరిగ్గా అప్పుడే మనోహర్ బండి ఆగింది. వాకిట్లో జనం, మామ చేతిలో దండ, గుమ్మంలో పడి ఏడుస్తున్న తల్లి. అతను బండిని ఉన్నచోటే వదిలేసి పరుగెత్తి తల్లిని పట్టుకున్నాడు. సుబ్బరత్నమ్మ కొడుకు గుండు నిమిరింది.

"మొక్కు తీర్చుకోనొచ్చినావా నాయనా? ఈ పొద్దే కావాల్నా మీ అవ్వ పోయేది!"

"అవ్వా? అవ్వ గూడానా?" అన్నాడు మనోహర్.

కారు వెనక తలుపు మెల్లగా తెరుచుకుంది. దారంతా నిద్రపోయిన వనజమ్మ, కర్ర ముందు చాచి, ఒక కాలు కింద పెట్టింది.

"ఎవురి కోసమే సుబ్బా, అమ్మా అమ్మా అని అరుస్తాండావు? నేనీడ దిగుతాంటే!"

ఏడుపులన్నీ ఒక్కసారిగా ఆగాయి. సుబ్బరత్నమ్మ తల్లిని చూసింది, తమ్ముడిని చూసింది, అతని చేతిలోని దండను చూసింది. తమ్ముడు తల దించుకున్నాడు.

"ఆయన... యాడ?"

అంతలో జనాన్ని తోసుకుంటూ ఒక ఆటో వచ్చి ఆగింది. అందులోంచి తలకు తువ్వాలు చుట్టుకున్న ఆదినారాయణ దిగాడు. వాకిలినిండా మనుషులను చూసి కంగారుపడి, "ఏమైంది? ఎవురు పోయినారు?" అన్నాడు.

మనోహర్ ఒక్క అంగలో వెళ్ళి తండ్రిని గట్టిగా కరుచుకుని చంటిపిల్లాడిలా ఏడ్చాడు. ఆదినారాయణను కొడుకు అలా పట్టుకుని ఎన్నాళ్ళయిందో. ఆ ఊపుకు తువ్వాలు జారి కింద పడింది. ప్రొద్దుటూరు బట్టల అంగళ్ళలో పేరుమోసిన జుట్టు ఒక్క వెంట్రుక లేకుండా పోయి, ఆ చోట పచ్చటి గంధం మెరుస్తోంది.

సుబ్బరత్నమ్మకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "ఏందయ్యా ఇది? ఎర్రగుంట్లలో గుండెవరు కొట్టినారు?"

"ఎర్రగుంట్ల కాదు, మఠం," అన్నాడు ఆదినారాయణ నేల చూపులు చూస్తూ. "మనోనికి ఉద్యోగం రాక రాక... నేను గూడా మొక్కుకున్నాలే. నీకు తెలిస్తే నవ్వుతావని చెప్పలేదు. గంటల చప్పుడు వినపడతాదని ఫోన్ గూడా ఆపేసినా."

అందరూ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నారు. సుబ్బరత్నమ్మ మొగుడి చేయి పట్టుకుని వదల్లేదు. కాస్త తేరుకున్నాక అడిగింది. "అట్లయితే మనోహరుడు ఆడ కనపడినాడా?"

ఆదినారాయణ కొడుకు వైపు చూశాడు. ఎక్కడ ఎదురుపడతాడోనని పొద్దున్నుంచి స్తంభాల చాటున దాక్కున్న మనిషి ఆయన. కొడుకు రానే రాలేదని ఆయనకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. ఎదురుగా నున్నటి గుండు, ఎర్రబడ్డ కళ్ళు.

"కనపడకేం! నా పక్కనే కూర్చోని కొట్టించుకున్నాడు," అన్నాడు తడుముకోకుండా.

మనోహర్‌కు తండ్రి కాళ్ళ మీద పడాలనిపించింది. పడేవాడే, కానీ పక్కన మేనమామ ఉన్నాడు.

"అట్లయితే జమ్మలమడుగులో బోడిగుండుతో బండి మీద పోయినోడెవుడు బావా?" అన్నాడు నాగేంద్ర. "మీ బాలకృష్ణయ్యన్న కండ్లతో చూసినాడు, ఆయన గూడా బస్సెక్కినాడంట. దాని మూలంగానే కదా ఈ రచ్చంతా!"

తండ్రీకొడుకులిద్దరూ గుండ్లు తడుముకున్నారు. చివరికి పావనే ముందుకొచ్చింది. "నేనే అత్తా. గండికోట చూడాలని నేనే బలవంతం చేసినా. బావ తప్పేం లేదు."

సుబ్బరత్నమ్మ కోడలి వైపు తిరిగింది. తిడుతుందనుకున్నారు కానీ, ఆవిడకు ఇంకా మొగుడు బతికి ఉన్న సంతోషమే తీరలేదు. ఒక చెయ్యి ఆయన చేతిలో ఉండగానే రెండో చేత్తో కోడలి కన్నీళ్ళు తుడిచింది. పిండి చెంపలకంటింది.

"మీ మామ మొక్కు మీ మామది. అది తీరింది. నా మొక్కు మాత్రం అట్లనే ఉండాది. జుట్టు పెరిగినంక మళ్ళా మఠంలోనే కొట్టించాల. మిమ్మల్ని నమ్మి పంపించేదానికి లేదు. శుక్రవారం నేను గూడా హోసూరొస్తా. పెరిగేదంకా మీ కాడనే ఉండి, ఎంటబెట్టుకోని పిల్చుకొస్తా."

"రా అత్తా!" అంది పావని. ఆ సాయంత్రం ఆమె ఉన్న హాయిలో వీధి వీధంతటినీ హోసూరుకు పిలిచి ఉండేది. మనోహర్ తండ్రి భుజం వదలకుండానే తల ఊపాడు.

ఆ ఇంటి మగవాళ్ళకు జుట్టు ఒత్తుగానే వస్తుంది కానీ, చాలా నిదానంగా పెరుగుతుంది.