ఒకే పొట్టేలు, పెరిగే కుప్పలు

అగ్నిని కనుగొన్న తర్వాత మానవజాతి సాధించిన మహత్తర విజయం షేరు. పంచేకొద్దీ తరిగిపోయే ఆస్తులే ఉన్న ఈ లోకంలో, పంచేకొద్దీ పెరిగేది అదొక్కటే. (పెరిగేది అంకె మాత్రమేనన్న సంగతి కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది.)

బేతంచెర్లలో బండల పాలిష్ యూనిట్ నడిపే ఓబుళేశుకు పంపకాలు కొత్తకాదు. పదిమంది కలిసి పొట్టేలు కొంటే, కోసి కుప్పలు వేయడానికి ఆయన్నే పిలుస్తారు. కార్జం దగ్గర్నుంచి మూలుగుబొక్క దాకా అన్ని కుప్పల్లోనూ సమానంగా పడాల్సిందే. ఆ ధైర్యంతోనే ఆయన పాలిష్ మిషన్లు రెండింటిలో ఒకటి అమ్మాడు, భార్య గురమ్మ గాజులు కూడా అమ్మించాడు. అర్ధరూపాయికి ఒకటి చొప్పున శిలావైభవం లిమిటెడ్ షేర్లు ఇద్దరి పేరునా కొన్నాడు.

"కంపెనీలో పది కుప్పలుంటే ఒకటి మనదే మే. ఏడాది తిరిగేలోగా నీ గాజులు నీకొస్తాయి," అన్నాడు.

ఏడాది తిరిగింది. ఈలోగా కంపెనీ అభివృద్ధి కోసం ఛైర్మన్ బావమరిదికి కొత్త షేర్లు కేటాయించారు. తర్వాత బావమరిది కంపెనీకి, ఆపైన ఆ కంపెనీకి సలహాలిచ్చే కంపెనీకి కేటాయించారు. (సలహాదారు కూడా బావమరిదే. బయటివాళ్లను నమ్మే రోజులు కావు.) ఓబుళేశు ఫోన్లో షేర్లు ఎన్ని కొన్నాడో అన్నీ ఉన్నాయి. పదో వంతు మాత్రం నూరో వంతైంది.

కర్నూలు కల్యాణమండపంలో వార్షిక సమావేశం పెట్టారు. ఓబుళేశు లేచాడు.

"సార్, పొట్టేలు ఒకటే ఉండాది. కుప్పలు మాత్రం పెరుగుతాండాయి. నా కుప్పలో మాంసం యాడికి పోయినట్టు?"

ఛైర్మన్ మహానంది నొచ్చుకోలేదు. "మీ షేర్లలో ఒక్కటైనా తగ్గిందా?"

"లేదు సార్."

"మరి బాధ దేనికప్పా?"

పక్కనున్న వాటాదారుల మనోవ్యథ నివారణ అధికారి నిబంధన చదివి వినిపించాడు. ఆందోళన చెందదలచినవారు పదిహేను రోజుల ముందే దరఖాస్తు చేసుకోవాలి. ఆమోదం వచ్చేదాకా నిశ్చింతగా ఉండాలి. తర్వాత ఓటింగ్ జరిగింది. ఆ ఉదయమే పుట్టిన షేర్లు తమ పుట్టుక సక్రమమేనని భారీ మెజారిటీతో తీర్మానించాయి.

భోజనాల దగ్గర చిక్కొచ్చింది. మనిషికి నాలుగు మాంసం ముక్కలని కార్డులో అచ్చువేశారు. వండింది పాత వాటాదారుల లెక్కకు, వచ్చింది బావమరిది బంధుగణంతో సహా. ఓబుళేశు కత్తీ గరిటే అందుకున్నాడు. కడుపుమంటంతా కత్తిలోకి దించి ప్రతి ముక్కనూ ఆరు చేసి, అందరికీ నాలుగేసి వడ్డించాడు. ఛైర్మన్ విస్తరి ముందు ఆగాడు.

"ముక్కలు తగ్గలేదు సార్. లెక్క సూసుకోండి."

ఆయన ఉద్దేశం సిగ్గుపరచడం. ఛైర్మన్‌కు కనిపించింది ప్రతిభ.

"ఇన్నాళ్లూ యాడుంటివప్పా నువ్వు? బోర్డులోకి రా. డైరెక్టర్లకు వేరే షేర్లుండాయి."

ఓబుళేశుకు శానా కోపం వచ్చింది. అది చేతులు కడుక్కునేదాకా ఉంది. తర్వాత అమ్మేసిన మిషన్ గుర్తొచ్చింది.

మరుసటి సమావేశం నాటికి కంపెనీ మరింత అభివృద్ధి చెందింది. కంపెనీ కుప్పలు ఇప్పుడు డైరెక్టర్ ఓబుళేశే వేస్తున్నాడు. యూనిట్లోకి కొత్త మిషన్ వచ్చింది. బోసి చేతులతో గురమ్మ మూడో వరుసలో లేచి నిలబడింది.

"ఏమయ్యా, నా గాజులు యాడుండాయి?"

వేదిక మీద ఓబుళేశు మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"మేడమ్, మీ షేర్లలో ఒక్కటైనా తగ్గిందా?"