మోకాలిదాకా బూట్లు

ఆ రోజు బాగేపల్లి సంతకు పోయి ఎద్దులకు కొత్త పగ్గాలు తెద్దామని పాపన్న పొద్దున్నే చద్ది తాగి లేచాడు. గడప దాటకముందే ఇంటిముందు ఫటఫటమంటూ మోటారుసైకిలు ఆగింది. దిగినవాడి ముఖం పాపన్న చూడలేదు. కాళ్ళే చూశాడు.

వాళ్ళ ఊరు చాకవేలులో మనిషి హోదా కాళ్ళలోనే తెలుస్తుంది. ఉత్తకాళ్ళవాడు మనవాడు. టైరుచెప్పులవాడు కాస్త కలిగినవాడు. లేసుల బూట్లవాడు శిస్తు వసూలుచేసే శేకదారు. చెప్పు ఎంత పైకి పోతే దండం అంత కిందికి దిగాలి. వచ్చినవాడి బూట్లు మోకాలిదాకా ఉన్నాయి. పక్కన ఇత్తడి బకిల్సులు, మడమల కింద ఇనుప లాడాలు. పాపన్న దండం నేలను తాకింది.

లెవీ ఆఫీసరే! ఆ ఏడు సర్కారువాళ్ళు ఇల్లిల్లూ సోదా చేసి, దాచిన ధాన్యం బండ్లకెత్తుకుపోతున్నారు. పాపన్న రాగులు నడిమింట్లో బండ కింద పాతరలో ఉన్నాయి. అవి పోతే మళ్ళీ పంటదాకా ఇంటిల్లిపాదికీ సంగటి లేదు. తనను జైల్లో పెడతారనుకోండి, అది వేరే మాట.

"చిన్నప్ప..." అని వచ్చినాయన ఏదో అడగబోయాడు.

"లోపలికి రాండి సామీ! ముందు మజ్జిగ తాగండి."

ఆయన బూట్లు వాకిట్లో విప్పి లోపలికొచ్చి, ఇంట్లో ఇంకెక్కడా చోటు లేనట్టు సరిగ్గా ఆ బండమీదే కూర్చున్నాడు.

"ఆడ చల్లగుండాది సామీ, కీళ్ళు పట్టుకుంటాయి. ఇట్ల రాండి."

"బేడప్పా, వద్దు, ఇదే బాగుండాది."

పాపన్న మజ్జిగ చెంబును బండకు దూరంగా, గడప దగ్గర పెట్టాడు.

అంతలో పాపన్న తల్లి అక్కయమ్మ వాకిట్లో బూట్లు చూసింది. తడిమింది, వాసన చూసింది, గావుకేక పెట్టింది.

"ఆవు! ఒరే పాపన్నా, బూట్లు ఆవురా!"

ఆవుతోలని ఆమె గోల. వచ్చినాయన మండ్యవైపు కన్నడిగుడు. కన్నడంలో పామును హావు అంటారు. పల్లెల్లో ఆ హకారాన్ని కూడా మింగి ఆవు అనే అంటారు.

"ఆవా! బూటొళగా? పాము! బూటులో పాము!" అంటూ ఆయన ఎగిరి మూలనున్న రోలెక్కాడు.

పాము అన్న కేక గోడ దాటింది. పక్కింటి చిన్నప్ప గడ్డపారతో ఉరికొచ్చి బూట్లను చితకబాదాడు. ఏమీ రాలలేదు.

"ఇంట్లోకి దూరినట్లుండాది! యాడికి పాయె?"

"ఆ బండ సందులోకే!" అని రోలుమీదినుంచి వేలు చూపించాడాయన.

పాపన్న బండమీద బోర్లా పడ్డాడు. "వద్దురా చిన్నప్పా! నా ఇంట్లో పాము, నా ఇష్టం!"

"పెంచుకుంటాండావా ఏమి? లెయ్యి!"

చిన్నప్ప అతణ్ణి పక్కకీడ్చి బండ లేపాడు. పాతరనిండా రాగులు.

పాపన్న బేడీలకోసం రెండు చేతులూ చాపాడు. వచ్చినాయన మెల్లగా రోలు దిగి, తానూ రెండు చేతులూ జోడించాడు.

"నేను పశువుల డాక్టర్నప్పా. చిన్నప్ప ఆవుకు గాలికుంటని కబురొస్తే, ఇల్లు అడగను వచ్చినాను. నేను రోలెక్కింది చిక్కబళ్ళాపురంలో తెలిస్తే నవ్వి చంపుతారు. ఎవరికీ చెప్పొద్దు."

పాపన్నకు ఊపిరి తిరిగింది. "ఏ రోలు సామీ?"

"ఏ రాగులప్పా?" అన్నాడు డాక్టరు.

చిన్నప్ప ఇంట్లోనూ అలాంటి బండే ఒకటి ఉంది కనుక అతడూ నోరెత్తలేదు. డాక్టరు బూట్లు చంకలో పెట్టుకుని, ఉత్తకాళ్ళతోనే మోటారుసైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఆవును మాత్రం ఎవరూ చూడలేదు.