వదలని ప్లగ్గు

ఆ ఉదయం మంచు ఎంత దట్టంగా పట్టిందంటే, ఎదురింటి గోడ ఉందో లేదో కూడా అనుమానమే. ఆయన ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దుతారు. ఇంటికొచ్చాక కారు తప్పులు పడతారు. సగం పెట్రోలుతో, సగం కరెంటుతో నడిచే ఆ ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌ను కొన్నప్పటి నుంచి కంపెనీకి ఫోన్ చేయని వారం లేదు. దీపాలు వాటంతటవే వెలిగేవి. బ్యాటరీ కడుపు నిండినా ఆకలనేది.

ఆ రోజు మాత్రం కాస్త బుద్ధిగా ఉండమని కారును మనసులోనే బతిమాలుకున్నారు. భార్య వాళ్ళ అక్క ఇంటికి భోజనానికి వెళ్ళాలి. తనకు ఆపరేషనైతే చూడ్డానికి రాలేదని చెల్లెలు, అసలు కబురే చేయలేదని అక్క, రెండేళ్ళుగా మాటల్లేవు. నిన్న అక్కే ఫోన్ చేసి రమ్మంది. ఈ పిలుపు తప్పితే ఇంక పిలవదని చెల్లెలికి రాత్రంతా నిద్ర లేదు.

"బస్సులో పోదామండీ."

"ఇంట్లో కారు పెట్టుకుని బస్సేమిటి?"

తీరా బయల్దేరబోతే ఛార్జింగ్ ప్లగ్గు కారును వదలనంది. లాగారు, తిట్టారు. కంపెనీకి ఫోన్ చేస్తే ఒకమ్మాయి జోకొట్టే గొంతుతో, "లోపల కూర్చుని ఒకసారి తలుపులు లాక్ చేసి తీయండి సర్," అంది. ఇద్దరూ ఎక్కి కూర్చున్నారు. లాక్ పడింది. తీయడం కుదరలేదు. కిటికీ అద్దం బెత్తెడు దిగి ఆగిపోయింది. ఫోన్లో ఛార్జింగూ అంతటితో సరి. భార్య ఫోను ఇంట్లోనే ఉండిపోయింది.

ఆ సందులోంచి కేకేస్తే పక్కింటి పళ్ళ డాక్టరు వచ్చాడు. అలవాటు కొద్దీ నేరుగా ప్లగ్గు దగ్గరికే పోయి, "కొంచెం ఓర్చుకోండి," అంటూ లాగాడు.

"అన్నయ్యగారూ, ముందు మా అక్కకు ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పండి," అంటూ భార్య నంబరు చెప్పింది.

"మీ చెల్లెలుగారూ వాళ్ళాయనా కారులో ఇరుక్కుపోయారండీ, వాళ్ళింటి ముందే. తలుపులు రావడం లేదు. కంగారు పడకండి, నేను డాక్టర్ని, ఇక్కడే ఉన్నాను," అని పెట్టేసి, పట్టకారు వెతకడానికి డాక్టరు తన ఇంట్లోకి వెళ్ళాడు.

మంచు అద్దాల మీదికి పాకింది. గేటు, వీధి, ఇల్లు ఒక్కొక్కటే మాయమై, కారు తెల్లటి నీళ్ళలో తేలుతున్నట్టుంది. భార్య ఆయన భుజం మీదికి ఒరిగింది.

"చేరామా?" అంది నిద్రలోనే.

"దగ్గరికొచ్చేశాం," అన్నారాయన, ఎందుకన్నారో తనకే తెలియకుండా. ఆయన కళ్ళూ మూతపడ్డాయి.

ఎవరో ఏడుస్తూ తలుపు లాగేసరికి మెలకువ వచ్చింది. తలుపు ఇట్టే తెరుచుకుంది. బయటి నుంచి తీసి చూడాలని డాక్టరుకు గానీ వీళ్ళకు గానీ తట్టనేలేదు. ఎదురుగా అక్క. ఒక కాలికో చెప్పు, రెండో కాలికి ఇంకో రకం చెప్పు.

"ఎక్కడ తగిలిందే దెబ్బ?"

"దెబ్బేమిటక్కా? ప్లగ్గు ఇరుక్కుంది."

"ప్లగ్గా! దీనికా నా ప్రాణాలు తోడేశారు?" అక్క చెల్లెలి వీపు మీద ఒక్కటి వేసి, అంతలోనే గట్టిగా వాటేసుకుంది. "అప్పుడూ చెప్పుంటే ఇలాగే పరిగెత్తుకొచ్చేదాన్ని కదే!"

"చెప్పకపోవడం నాదే తప్పక్కా."

పట్టకారుతో వచ్చిన డాక్టరు ఒక చూపు చూసి, చప్పుడు చేయకుండా వెనక్కి తిరిగాడు.

సాయంత్రానికి మంచు పూర్తిగా విడిపోయింది. "పొద్దుపోతోంది మరిదిగారూ, నన్ను దింపెయ్యండి," అంది వదిన, లేవకుండానే. ఆయన కారు దగ్గరికి వెళ్ళి చెయ్యి వేశారో లేదో, ప్లగ్గు మెత్తగా ఊడి చేతిలోకి వచ్చేసింది. ఆనందంగా కేక వెయ్యబోయారు. అప్పుడే వంటింట్లోంచి అక్కాచెల్లెళ్ళ నవ్వు వినిపించింది. భార్య అలా నవ్వగా విని రెండేళ్ళయింది. ఆయన కాసేపు అలాగే నిలబడి, ప్లగ్గును మళ్ళీ లోపలికి నొక్కి, మొహం వేలాడేసుకుని వచ్చారు.

"ససేమిరా రానంటోంది వదినగారూ. ఏం కారో, ఏం కంపెనీయో!"

"అయితే రేపు చూద్దాంలెండి," అంది వదిన మరుక్షణమే.

ఆ కారు మీద ఆయన చేసిన ఫిర్యాదుల్లో అబద్ధమైనది అదొక్కటే.