రేషన్ మేనత్త

ఆ నెల నుంచి చౌకధరల దుకాణాల్లో బియ్యం, కందిపప్పు, పంచదారతో పాటు ఒంటరి కార్డులకు ఒక మేనత్తను కూడా ఇవ్వడం మొదలుపెట్టారు. సామర్లకోటలో మోటార్ వైండింగ్ షాపు నడుపుకునే తాతబ్బాయి ఆ సంగతి పేపర్లో చూసుకోలేదు. ఎప్పట్లాగే సంచి పట్టుకుని డిపోకి వెళ్లాడు, వేలిముద్ర వేశాడు, బియ్యం పోయించుకున్నాడు. వెళ్లిపోబోతుంటే డీలరు పేర్రాజు, పప్పు బస్తాల పక్కన బెంచీ మీద వరుసగా కూర్చున్న ఆడవాళ్లలో ఒకావిణ్ణి చూపించాడు.

"మీ మేనత్తగారండి. తీసుకెళ్లండి."

"నాకు మేనత్తల్లేరండి."

"అందుకేనండీ ఇస్తున్నారు."

"ఒద్దులెండి. పోయిన్నెల పంచదార కూడా ఒదిలేశాను కదా."

"పంచదారైతే ఇంకోళ్లకి సర్దేస్తానండి. మేనత్తని ఎవరికి సర్దమంటారు? మీ పేరు మీదొచ్చిందావిడ."

ప్రభుత్వం ఈ నిర్ణయం తొందరపడి తీసుకున్నది కాదు. జనం ఆకలితో ఉన్న రోజుల్లో బియ్యం ఇచ్చింది. వంటిళ్లలో పొగ నిండిన రోజుల్లో గ్యాసు ఇచ్చింది. ఆ తర్వాత ఇంటింటికీ వెళ్లి ఇప్పుడు ఏం తక్కువైందని అడిగితే, చాలామంది కాసేపు ఆలోచించి "మనుషులండి" అన్నారు. అలాంటి జవాబు ఎవరూ ఊహించలేదు కాబట్టి దాన్ని "ఇతరములు" కింద రాసుకున్నారు. చివరికి చూస్తే ఇతరములే అన్నిటికంటే ఎక్కువ వచ్చాయి. కాలం మారినప్పుడు సంక్షేమం కూడా మారాలి కదా. గోదాముల్లో సగం ఖాళీ చేయించి, గాలీ వెలుతురూ వచ్చేలా కిటికీలు పెట్టించి, బంధువులను నిల్వ చేయడం మొదలుపెట్టారు. ఒక్కరే ఉండే కార్డుకు మేనత్త. మొగుడూ పెళ్లాం ఇద్దరే ఉండే కార్డుకు బాబాయి. పిల్లలుండి పెద్దవాళ్లు లేని ఇళ్లకు, రెండిళ్లకు కలిపి ఒక తాత. తాత వారంలో సగం ఒకరింట్లో, సగం ఇంకొకరింట్లో ఉంటాడు. ఆదివారం ఎక్కడుండాలన్నది తాత ఇష్టం.

మొదట్లో ఒకటి రెండు ఫిర్యాదులు వచ్చాయి. పెద్దాపురంలో ఒక జంటకు ఇచ్చిన బాబాయి, ఎవరి పెళ్లిలోనో తనకు అప్పడం వెయ్యలేదన్న సంగతి తప్ప వేరే మాట మాట్లాడడం లేదట. అధికారులు స్వయంగా వెళ్లి పరిశీలించారు. సరుకు నాణ్యతలో లోపమేమీ లేదనీ, బాబాయిలు అలాగే ఉంటారనీ తేల్చారు.

తాతబ్బాయి మేనత్త పేరు నరసాయమ్మ. పొట్టిగా, గట్టిగా ఉంది. బియ్యం సంచీ ఒళ్లో పెట్టుకుని మోపెడ్ వెనక కూర్చుంది. రైల్వే గేటు దాటేదాకా ఆవిడ నోరు విప్పలేదు. దాటగానే అతని వీపు మీద ఒకటి చరిచింది.

"నెమ్మదిగా పోనీరా. చిన్నప్పుడూ ఇంతే నువ్వు. మరిడమ్మ తీర్థంలో చెయ్యి ఒదిలించుకుని పరిగెత్తి తప్పిపోయేవు. గుర్తుందా?"

గుర్తుంది. జీళ్లు అమ్మే బండి చక్రాన్ని పట్టుకుని నిలబడి ఏడ్చిన ఆ మధ్యాహ్నం అతను ఎవరికీ చెప్పుకోలేదు.

"మైకులో నా పేరు పిలిచారు," అన్నాడు.

"పిలిచారంటావేంట్రా? మైకులో చెప్పేవాడి చేతిలోంచి అది లాక్కుని పిలిచింది నేను!"

తాతబ్బాయి మోపెడ్ రోడ్డు పక్కన ఆపేశాడు. అన్నేళ్లుగా ఆ మైకులో వినిపించింది ఎవరో అధికారి గొంతనే అనుకున్నాడు. ఇప్పుడు ఆలోచిస్తే అది ఆడగొంతే. ఏడుస్తూ, తిడుతూ, "ఒరేయ్ తాతబ్బాయ్, ఎక్కడున్నావురా" అని పిలిచిన గొంతు. అతను చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు. ఆ సాయంత్రం గదిలో వేలాడే వాళ్లమ్మా నాన్నల పెళ్లి ఫొటోలో, నాన్న పక్కన పట్టు పరికిణీతో నరసాయమ్మ నిలబడి ఉంది. ఫొటోల్లో మార్పులకు వేరే దరఖాస్తు అక్కర్లేదని ప్రభుత్వం ముందే ప్రకటించింది.

కర్రీ పాయింటు పొట్లాలకు అలవాటు పడ్డ మనిషి మధ్యాహ్నం షాపు మూసి ఇంటికెళ్లి తినడం మొదలుపెట్టాడు. నరసాయమ్మ కింద వాటా వాళ్లతో ఒక రోజు పోట్లాడి, మర్నాడు వాళ్లింటికే పులిహోర పంపింది. వాళ్లు గిన్నెలో గారెలు వేసి తిరిగి పంపారు. ఏళ్ల తరబడి తల ఊపుకోవడమే తప్ప పేర్లు తెలియని మనుషులు ఇప్పుడు మేడమెట్ల మీద కూర్చుని నవ్వుకునేవారు. షాపులో రాగి తీగ చుడుతూ తాతబ్బాయి ఈల వేయడం విని పక్క కొట్టువాళ్లు కంగారుపడ్డారు.

అలాంటి రోజుల్లో తనిఖీకి నాగచంద్ర వచ్చాడు. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్ర అధికారి, బక్కగా ఉన్నాడు. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి చెప్పాడు.

"మీకు మేనత్త ఉన్నారండి."

"ఉందండి. మీరే ఇచ్చారు."

"మేనత్త పథకం మేనత్త లేనివాళ్లకండి. మీకున్నారు కాబట్టి మీరు అనర్హులు. ఆవిణ్ణి వెనక్కి తీసుకెళ్లాలండి."

"తీసుకెళ్తే నాకుండదు కదండీ."

"అప్పుడు మళ్లీ అర్హులవుతారండి. మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు."

"మళ్లీ ఈవిడే వస్తుందా అండీ?"

"అది స్టాకుని బట్టుంటుందండి," అన్నాడు నాగచంద్ర. చెప్పడానికి అతనికీ ఇబ్బందిగానే ఉంది.

తాతబ్బాయికి జీళ్ల బండి చక్రం మళ్లీ చేతికి తగిలినట్టయింది. నరసాయమ్మ మాత్రం కొంగు దోపుకుంటూ వంటింట్లోంచి వచ్చింది.

"వస్తాన్లే బాబూ. భోజనాలేళ కదా, రెండు ముద్దలు తిని ఎళదాం. కాళ్లు కడుక్కో."

నిబంధనల్లో తినకూడదని ఎక్కడా లేదు. వంకాయ కొత్తిమీరకారం మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక ఆవిడ అడిగింది.

"మీదేవూరు బాబూ?"

"కరపండి."

"మీ అమ్మ పేరేంటమ్మా?"

"సత్యవేణండి. పోయిందండి."

నరసాయమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "ద్రాక్షారం సత్యవేణా? ఎడం బుగ్గ మీద పుట్టుమచ్చ? ఒరేయ్, అది మా తోటికోడలి చెల్లెలికి ఆడబడుచురా! నువ్వు పుట్టినప్పుడు నీ ఉయ్యాల కట్టింది నేను. ఎలా అయిపోయేవురా, లాడ్జీలో తింటున్నావా?"

నాగచంద్ర నిజంగానే లాడ్జీలో తింటున్నాడు. తలెత్తకుండా ఇంకొంచెం అన్నం అడిగాడు. పెరుగన్నం కూడా అయ్యాక చెయ్యి కడుక్కుని, బంధువుల ఇళ్లను బంధువులు తనిఖీ చేయరాదన్న నియమం కింద తప్పుకుంటున్నట్టు పై అధికారికి ఫోన్ చేసి చెప్పాడు. ఆ రాత్రి అతను తాతబ్బాయి గదిలోనే పడుకున్నాడు.

రెండో అధికారి జాగ్రత్తపరుడు. తన క్యారేజీ తనే తెచ్చుకున్నాడు. నరసాయమ్మ దూరం నుంచే వాసన చూసి, "చారులో ఇంగువ ఇలా ఏసేది ముక్కామల వాళ్లే," అంది. ఆయన భార్యది ముక్కామలే. మూడోసారి వాళ్ల పై అధికారి పెద్ద మేడమే వచ్చింది. ఏం మాట్లాడితే ఏం చుట్టరికం బయటపడుతుందోనని పెదవులు బిగించుకుని కూర్చుంది. నరసాయమ్మ ఆవిడ ముఖంలోకి చూసి, "ఆ మూతి బిగింపు అచ్చం మా చిన్నాన్నదే," అని కళ్లనీళ్లు పెట్టుకుంది. చిన్నాన్న కూతురే అని తేలింది.

మిగతా ఊళ్లలో మేనత్తలూ ఊరుకోలేదు. కొద్ది నెలల్లో జిల్లాలో ఎవరూ ఎవరినీ తనిఖీ చేయలేని, బదిలీ చేయలేని, సస్పెండు చేయలేని పరిస్థితి వచ్చింది. ఆఫీసుల్లో మధ్యాహ్నం క్యారేజీలు మార్చుకునేవారు. ప్రభుత్వం పరిస్థితిని శాంతంగా సమీక్షించి, జిల్లా అంతా ఒకే కుటుంబం అని ఉత్తర్వులిచ్చింది. ఆ రోజు మార్కెట్ యార్డులో బంతి భోజనాలు పెట్టారు. నాగచంద్ర వడ్డించాడు. తాతబ్బాయి చెడిపోయిన మైకు సెట్టు బాగు చేసి ఇస్తే, వచ్చినవాళ్లను నరసాయమ్మ ఒక్కొక్కరినీ వరసలు పెట్టి పిలిచింది. పిలిచిన ప్రతివాళ్లూ చిన్నపిల్లల్లా పరిగెత్తుకుంటూ వచ్చారు. జిల్లాలో అంత సంతోషం అంతకుముందు ఎవరూ చూడలేదు.

ఒకే కుటుంబం కాబట్టి ఆ తర్వాత ఒకే కార్డు ఇచ్చారు. ఆ కార్డుకు రావలసిన బియ్యం సంచి కూడా ఒక్కటే వచ్చింది. దాన్ని చూడడానికి జనం పిల్లల్ని ఎత్తుకుని వచ్చారు. కొన్నాళ్లకు లెక్క చూస్తే ఆ కుటుంబంలో డాక్టర్లు, మిల్లు యజమానులు, ఉద్యోగస్తులు బోలెడుమంది ఉన్నారు. అంత కలిగిన కుటుంబానికి కార్డు ఎందుకని తీసేశారు. ఇన్ని లక్షలమంది కొడుకులూ కోడళ్లూ ఉన్న ముసలివాళ్లకు పింఛను అక్కర్లేదన్నారు. ఆస్పత్రిలో రోగి పక్కన ఎవరో ఒకరు మనవాళ్లే ఉంటారు కాబట్టి నర్సులను తగ్గించారు. లక్ష్యం నెరవేరిందని సంక్షేమ శాఖనే మూసేశారు. ఎవరూ గొడవ చేయలేదు. సంతకాలు పెట్టినవాళ్లు బావలూ, వదినలూ. అయినవాళ్ల మీద రోడ్డెక్కితే ఏం బాగుంటుంది?

ఆ కార్తీకంలో ఒక మధ్యాహ్నం తుని నుంచి ఒక ముసలాయన సంచి భుజాన వేసుకుని తాతబ్బాయి షాపు ముందు దిగాడు.

"పింఛనాపేసేర్రా అబ్బాయ్. నేను నీకు బాబాయినవుతానంట."

"పోన్లే బాబాయ్. మేం లేమా?" అన్నాడు తాతబ్బాయి. నిజంగానే సంతోషంగా అన్నాడు. సంచి అందుకుని ఇంటికి తీసుకెళ్లాడు. అప్పటికే ఆ గదిలో నాగచంద్ర, పిఠాపురం నుంచి వచ్చిన ఒక పిన్ని, కాలు విరిగిన ఒక బావమరిది ఉన్నారు. అందరూ జరిగి చోటిచ్చారు. ఎవరో ఏదో అన్నారు, గది గదంతా పడీ పడీ నవ్వింది.

నరసాయమ్మ నవ్వుతూనే లేచి, ఉడుకుతున్న అన్నంలో ఇంకో చెంబు నీళ్లు పోసింది.