తల్లిమొక్కకు సెలవు లేదు

పెళ్ళయిన ఐదో వారంలో, ఒక మంగళవారం పొద్దున పళ్ళు తోముకుంటుండగా, హిమజ ఎడమ మోచేతి పక్కన బొటనవేలంత హిమజ మొలిచి కనిపించింది. అచ్చు తనే. నుదుట బొట్టు, ముక్కుకి పుడక, ఒళ్ళంతా తెల్లటి నూగుముళ్ళు. హిమజ నోట్లో నురగ ఉమ్మేసి అద్దంలో దానికేసి చూసి నవ్వింది. అదీ నవ్వింది.

కొత్తగా పెళ్ళయినవాళ్ళకి పిలకలు వేయడం విశాఖపట్నంలోని ఆ కాలనీలో వింతేమీ కాదు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ నిబంధనల్లో, కుక్కల తర్వాత, సైకిళ్ళకు ముందు, దీని గురించి ఒక పేరా కూడా ఉంది. పిలకలకు మెయింటెనెన్స్ లేదు. కుండీ కింద పళ్ళెం తప్పనిసరి. లిఫ్టులో ముళ్ళు గుచ్చుకుంటే అసోసియేషన్‌కు సంబంధం లేదు.

అత్తగారు ఈశ్వరమ్మ కళ్ళజోడు పెట్టుకుని వచ్చి మోచెయ్యి తిప్పి చూసింది.

"ఇప్పటికేసిందా? మా ఆడపడుచుకైతే రెండో వారానికే ఏసీసింది. నీది లేటేనమ్మా."

"ఇంకా వస్తాయేమో అత్తయ్యా."

"వస్తాయి, వస్తాయి. మొదటిది మాత్రం వంటింటికే. ముందే సెప్తన్నాను."

హిమజ బోటనీ చదివింది. హాస్టల్ కిటికీలో కాక్టస్‌లు పెంచిన పిల్ల. అత్తారింట్లో చీరల పెట్టె కంటే ముందు దిగినవి ఆ కుండీలే. 'శుభమా అని కోడలొస్తూ జెముళ్ళు తెచ్చిందేటి' అని ఈశ్వరమ్మ ఒక పూట ముఖం ముడుచుకుంది కానీ, వాటిలో ఒకటి గులాబీ రంగు పువ్వు పూసేసరికి పక్క ఫ్లాట్ల వాళ్ళందర్నీ తనే పిలిచి చూపించింది. కాబట్టి పిలకను ఎలా తీయాలో హిమజకి ఎవరూ చెప్పక్కర్లేదు. కత్తిని స్పిరిట్‌తో తుడవాలి. మొదలు దగ్గర చిన్నగా మెలిపెట్టి తీయాలి. నీడలో ఉంచి, కోసిన చోట పొర కట్టేదాకా ఆరనివ్వాలి. ఆ తర్వాత ఇసుక, ఇటుక పొడి, పిడికెడు మట్టి కలిపిన కుండీలో నిలబెట్టి వదిలేయాలి. వేళ్ళు పట్టేదాకా నీళ్ళు పోయకూడదు. ఇందులో కష్టమైన పని ఆ చివరిదే. మనుషులకి ప్రేమ పుడితే చేతులు చెంబు మీదకే పోతాయి.

మొదటి పిలక జానెడు ఎత్తు పెరిగి వంటింటి గట్టు మీద కుదురుకుంది. కుండీలోంచే పోపు వేసేది, పాలు పొంగితే మంట తగ్గించేది. ఈశ్వరమ్మకి అది మహా నచ్చింది.

"ముల్లుంది గానీ మాట లేదు. పదిహేన్రోజులకో గ్లాసుడు నీళ్ళు సాలు. ఒరేయ్ జగదీషూ, నీ పెళ్ళాం కంటే ఇదే నయంరా!"

"అదీ నా పెళ్ళామేనమ్మా," అన్నాడు జగదీష్ ఇడ్లీ తింటూ.

హిమజ పొంగిపోయింది. పెళ్ళయినప్పట్నుంచీ ఆమె ఆ మనిషి అన్న చాలా మాటలకు అలాగే పొంగిపోయింది.

రెండో పిలకను బొబ్బిలిలో ఉన్న వాళ్ళమ్మకి బస్సు పార్సిల్లో పంపింది. సాయంత్రానికి ఫోను వచ్చింది.

"అందిందే. చిక్కిపోయింది."

"అది పుట్టడమే అంతమ్మా."

"అయినా చిక్కిపోయింది. నీళ్ళు పోశాను."

"అమ్మా! పోయకూడదని రాశాను కదే!"

"కన్నతల్లికి ఎవరూ రాసివ్వక్కర్లేదు," అని ఆవిడ పెట్టేసింది.

మూడోది ఆఫీసుకి. హిమజ పనిచేసేది నీడల శాఖలో. నగరంలో ప్రభుత్వ స్థలం మీద పడే ప్రైవేటు నీడనీ, ప్రైవేటు స్థలం మీద పడే ప్రభుత్వ నీడనీ కొలిచి, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి సరిహద్దు గీయడం ఆ శాఖ పని. పని ఎప్పుడూ పూర్తి కాదు. పిలకను కుర్చీలో కూర్చోబెట్టి తను అప్పుడప్పుడూ సెలవు పెట్టుకోవచ్చని హిమజ ఆశ. కానీ హాజరు యంత్రం మీద పిలక వేలు పెట్టగానే అద్దం గీసుకుపోయింది. సూపరింటెండెంట్ సత్యానందం గారు ముక్కు మీదకి కళ్ళజోడు జార్చి గీతను పరిశీలించారు.

"పిలకల విషయం స్పష్టత కోరుతూ పైకి రాశామమ్మా. వాళ్ళు ఇంకా పైకి రాశారు. అందాకా తల్లిమొక్కే స్వయంగా రావాలి."

"మరి దీన్ని ఏం చెయ్యమంటారు సార్?"

"ఉంచు. ఫ్యాను గాలికి మ్యాపులు ఎగురుతున్నాయి."

అలా మూడో హిమజ ఆయన బల్ల మీద మ్యాపుల మీద బరువుగా కుదురుకుంది. అందరూ దాన్ని చూసి గుడ్‌మార్నింగ్ చెప్పేవారు. అదీ చెప్పేది.

ఇక అరకు సంగతి. పెళ్ళయ్యాక వాళ్ళిద్దరూ కలిసి వెళ్ళిన అతిదూర ప్రయాణం రైతుబజారు. ఆ మాట జగదీషే అని, తనే సిగ్గుపడి, అరకు రైలు అద్దాల పెట్టెలో రెండు టికెట్లు తీశాడు. శనివారం పొద్దున బయల్దేరి ఆదివారం సాయంత్రం తిరిగి రావడం. అప్పట్నుంచి రోజూ అన్నాల దగ్గర అదే కబురు.

"సొరంగాల్లో చీకటిగా ఉంటుంది హిమా. భయమేస్తుందా?"

"వెయ్యదు. అయినా వేసినట్టు మీ చెయ్యి పట్టుకుంటాను."

"అన్ని సొరంగాలకీ?"

"సొరంగం లేకపోయినా."

ఈశ్వరమ్మ మజ్జిగ గిన్నె వాళ్ళిద్దరి మధ్య ఠక్కున పెట్టి వెళ్ళేది. హిమజకి ఆ చప్పుడు కూడా బావుండేది. ఆ ప్రయాణం మీద ఆమె పెట్టుకున్నంత ఆశ పెళ్ళి మీద కూడా పెట్టుకోలేదు. పెళ్ళిలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు కానీ మాట్లాడుకునే వీలేదీ?

టికెట్లు తీసిన మర్నాడే ఆమె కుడి భుజం మీద నాలుగో పిలక వేసింది. ఇది ఎర్రటి ఎరుపు, పండు మిరపకాయలా. ఊరికే నవ్వేది. కుక్కర్ విజిల్ వేసినా, కరెంటు పోయినా నవ్వే. హిమజ దాన్ని వెలుతురులో తిప్పి చూసి నిట్టూర్చింది. దానిలో ఆకుపచ్చ వీసమెత్తు లేదు. పచ్చదనం లేని పిలక సొంతంగా తిండి తయారు చేసుకోలేదు. మట్టిలో నాటితే నాలుగు రోజులు నవ్వి వాడిపోతుంది. దాన్ని ఏదైనా పచ్చటి మొదలు మీద అంటు కట్టాల్సిందే.

ఇంతలో బుధవారం నాడు సత్యానందం గారు కబురు చెప్పారు. శనివారం తనిఖీ. కమిషనర్ గారు స్వయంగా వచ్చి ఆఫీసు వేపచెట్టు నీడ ఎవరిదో తేలుస్తారు. తల్లిమొక్కలందరూ హాజరు కావాలి. ఆ సాయంత్రమే ఈశ్వరమ్మ మరొకటి చెప్పింది. ఆదివారం పాలకొండ పిన్నిగారు వస్తున్నారు.

"పెళ్ళిలో ఆవిడ నిన్ను సూళ్ళేదు. పిలకని సూపిస్తే ఏటనుకుంటాది? కోడల్ని దాసీసేరంటాది."

"అత్తయ్యా, అరకు..."

"అరకు ఎక్కడికీ పోదు గదమ్మా. పిన్నిగారు డెబ్బై దాటేసేరు."

హిమజ బాల్కనీలోకి వెళ్ళి కుండీల మధ్య కూర్చుని కాసేపు ఏడ్చింది. తర్వాత, చదువుకున్న పిల్ల కాబట్టి, ఆలోచించింది. తను వెళ్ళడం కుదరదు. కానీ వెళ్ళాలన్న ఉబలాటమంతా ఆ ఎర్ర పిలకలోనే ఉంది. దాన్ని పంపితే సగానికి పైగా తను వెళ్ళినట్టే. జగదీష్‌తో ముందే చెబితే ఆ ముఖం చిన్నబోవడం చూసే ధైర్యం లేదు. స్టేషన్లో చెబుతుంది. రైలు కదిలే వేళకి మనిషి బాధపడ్డానికి తీరిక ఉండదు.

అంటు కట్టడానికని ఆమె ఎప్పట్నుంచో మూడు పలకల పచ్చ కాండం ఒకటి సిద్ధంగా పెంచుతోంది. శుక్రవారం వెళ్ళి వేలితో నొక్కితే అది మెత్తగా లోపలికి దిగిపోయింది. కుళ్ళిపోయింది.

"ఎండిపోతందని రోజూ ఓ చెంబుడు పోస్తన్నాను," అంది ఈశ్వరమ్మ, మెచ్చుకుంటారేమోనని చూస్తూ.

ఇక అరకు వెళ్ళేవాళ్ళలో మిగిలిన పచ్చటి మొదలు జగదీషే. భుజం ఇమ్మంటే ఇస్తాడు, ఎందుకివ్వడు?

శనివారం పొద్దున్నే జగదీష్ "టిఫిన్ కట్టించుకుని వస్తాను, నువ్వు స్టేషన్‌కి వచ్చెయ్" అని ముందే బయల్దేరాడు. హిమజ చేతిసంచిలో అప్పుడే భుజం మీంచి తీసిన ఎర్ర పిలక, కత్తి, స్పిరిట్ దూది, రబ్బరు బ్యాండ్లు పెట్టుకుని ఆటో ఎక్కింది. దారంతా సంచిలోంచి నవ్వు వినిపిస్తూనే ఉంది. ఆటో అతను కూడా కాసేపటికి నవ్వడం మొదలుపెట్టాడు.

ప్లాట్‌ఫారం మీద జగదీష్ బెంచీ పక్కన నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో బ్యాంకు ఐడీ కార్డు. చేతిలో గుడ్డసంచి.

"ఏవండీ, మీకో మాట చెప్పాలి," అంది హిమజ.

"నేనూ చెప్పాలి. ముందు నువ్వు చెప్పు."

"లేదు, మీరే చెప్పండి."

అతను సంచిలోంచి ఒక చిన్న కుండీ తీసి బెంచీ మీద పెట్టాడు. అందులో జానెడు జగదీష్, లేత అరటాకు రంగులో, జేబు రుమాలు మెడకు చుట్టుకుని, కిటికీ సీటు దొరుకుతుందా అన్నట్టు రైలుకేసి చూస్తున్నాడు.

"మోకాలి వెనకాల వేసింది," అన్నాడు జగదీష్ నేలకేసి చూస్తూ. "ఇవాళ బ్యాంకులో ఆడిట్. నన్నే రమ్మన్నారు. నువ్వు బాధపడతావని... వీడు మంచివాడు హిమా. సొరంగాల దగ్గర చెయ్యి పట్టుకోమని చెప్పాను."

హిమజ తన సంచి తెరిచింది. ఎర్ర పిలక తల బయటపెట్టి ఆకుపచ్చ పిలకను చూసి పకపకా నవ్వింది. జగదీష్ దాన్నీ, హిమజనీ, మళ్ళీ దాన్నీ చూశాడు.

"నువ్వు కూడానా?"

"తనిఖీ అండీ. రేపు పిన్నిగారు."

ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. నిజానికి అక్కడ కూర్చుని బాధపడొచ్చు. కానీ రైలుకి టైమవుతోంది, ఎర్ర పిలకకి మొదలు లేదు. హిమజ కత్తి తుడిచింది.

"మీవాడి భుజం కాస్త ఇవ్వమనండి."

"నొప్పా?"

"మనకి అనిపించిందా పెళ్ళిలో? అంతే."

ఆమె ఆకుపచ్చ భుజం మీద పలచగా ఒక చెక్కు తీసింది. ఎర్ర పిలక అడుగు నున్నగా కోసింది. రెండు కోతల్లోనూ మధ్యన చిన్న వలయం ఉంటుంది. ఆ వలయం మీద ఈ వలయం ఆనాలి, మధ్యలో గాలి ఉండకూడదు. తడి ఆరేలోపు ఆనించేసి, జగదీష్ మునివేళ్ళతో నొక్కి పట్టుకోగా, ఆమె రబ్బరు బ్యాండ్లు అడ్డంగా, నిలువుగా వేసింది. చుట్టూ జనం సూట్‌కేసులు లాక్కుంటూ పోతున్నారు. పెళ్ళయ్యాక వాళ్ళిద్దరూ కలిసి, మధ్యలో ఎవరూ పిలవకుండా, ఒక పని పూర్తి చేయడం అదే మొదలు.

"బిగుసుకుందా?" అన్నాడతను.

"నవ్వు ఆగింది చూడండి. పట్టేసినట్టే."

టికెట్ తనిఖీ చేసే ఆయన వచ్చి చూశాడు. పిలకలైతే సామాను కింద లెక్క, అంటు కట్టినవైతే దంపతుల కింద లెక్క అని చెప్పి, రెండు సీట్లూ ఖాయం చేశాడు. అద్దాల పెట్టె కదిలింది. కిటికీలో ఎరుపు, ఆకుపచ్చ చేతులు ఊగాయి. తల్లిమొక్కలు రెండూ కనుమరుగయ్యేదాకా చేతులూపాయి. తర్వాత జగదీష్ ఇడ్లీ పొట్లం విప్పి ఒకటి ఆమెకిచ్చి, ఒకటి తను తిని, బ్యాంకు వైపు పరుగెత్తాడు. ఆమె వేపచెట్టు వైపు వెళ్ళింది.

మధ్యాహ్నం నుంచి ఫొటోలు రావడం మొదలైంది. కాఫీ తోటలో ఇద్దరూ. గుహల ముందు ఇద్దరూ. వెదురు బొంగు కోడి తింటూ ఇద్దరూ. ఫొటోలో మనుషుల సైజు తెలియదు. హిమజ వాటిని స్టేటస్‌లో పెట్టింది. బొబ్బిలి నుంచి వాళ్ళమ్మ 'దిష్టి తీసుకో' అని పంపింది. ఆదివారం పాలకొండ పిన్నిగారు కాఫీ తాగుతూ, ఎదురుగా కూర్చున్న హిమజకేసి ఓసారి చూసి, ఫోను దగ్గరగా పెట్టుకుని ఫొటోల్లో హిమజని చాలాసేపు చూసింది.

"ఇందులో కళగా ఉందే ఈశ్వరీ, నీ కోడలు!"

తిరుగు రైలుకి పిలకలు రాలేదు. ఇక్కడ చలి బావుంది, ఇంకో నాలుగు రోజులుంటాం అని మెసేజ్ పెట్టాయి. జగదీష్ ఆ మెసేజ్ రెండుసార్లు చదివి, "ఉండనీలే, మళ్ళీ ఎప్పుడు వీలవుతుందో" అన్నాడు. హిమజకీ అదే న్యాయమనిపించింది.

సోమవారం ఆఫీసులో సత్యానందం గారు ఆమెను చూడగానే చిరునవ్వు నవ్వారు. శనివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆమె పక్కనే టేపు పట్టుకుని నీడ కొలిచిన మనిషి ఆయనే.

"ఫొటోలు చూశానమ్మా. అరకు బాగా ఎంజాయ్ చేసినట్టున్నారు?"

 అబద్ధం చెబుతున్నట్టు హిమజకే అనిపించలేదు.

"చాలా బావుందండీ. ఆయన కూడా చాలా సరదాగా ఉన్నారు."

"ఉంటారు, కొత్తలో అలాగే ఉంటారు," అన్నారు సత్యానందం గారు, కుర్చీలో వెనక్కి వాలి. "మేమూ పోయినేడాది ఊటీ వెళ్ళాం. పడవలో తిరిగాం, గుర్రం ఎక్కాం. మా ఆవిడ ఇప్పటికీ ఆ కబుర్లే. ఆ వారమంతా నేనిక్కడే ఉన్నాననుకో. సరే, ఆ పాత మ్యాపులు ఇలా తే."