మారెన్ గుండె దడ

ఆ పొద్దున మారెన్ అనుకున్నది చాలా చిన్నది. మంచులో కారు స్టార్టవ్వాలి, పది గంటల మీటింగులో తను నాలుగు ముక్కలు చెప్పాలి, బాస్ కర్ట్ ఒప్పుకోవాలి. అమెరికాలో చలికి పేరుపడ్డ డులూత్‌లో జనవరి నెలలో కారు స్టార్టయిందంటే సగం గెలిచినట్టే. స్టార్టయింది.

వాళ్ల కంపెనీ కుర్రకారు కోసం ఆరోగ్యం యాప్ తయారుచేస్తోంది. మనిషికి దడ పుడితే చాలు, ఆ మనిషిని అడక్కుండానే ఇంట్లోవాళ్లకు కబురు పంపేస్తుంది. మారెన్ గొడవంతా దాని గురించే. "మా ఈడువాళ్లకి కావలసింది కాపలా కాదు కర్ట్. ఎవరికి చెప్పాలో మమ్మల్ని అడగాలి. లేకపోతే రెండోరోజే తీసిపారేస్తారు" అని నెల నుంచీ మొత్తుకుంటోంది. ఈరోజూ కర్ట్ తల ఊపకపోతే యాప్ అలాగే బయటికి పోతుంది. ఆ పాపం తన మెడకు చుట్టుకుంటుంది.

మీటింగ్ గది బయట కూర్చుని మాటలు వల్లెవేసుకుంటుంటే, ఆ యాప్ పరీక్ష కోసం చేతికి కట్టుకున్న వాచీ మోగింది. 'మీ గుండె వేగంగా కొట్టుకుంటోంది. నెమ్మదిగా ఊపిరి తీసుకోండి.'

"తీసుకునే ఏడుస్తున్నానే తల్లీ!" అని నొక్కేసింది. మళ్లీ మోగింది, మళ్లీ నొక్కింది. మనిషికి ఏదో అయిందని యాప్ తనంతట తానే తీర్మానించేసి, తల్లి డార్లీన్‌కు కబురు పెట్టింది.

మరుక్షణం ఫోన్. "ఏమే, గుండెకేమైందే నీకు?"

"ఏం కాలేదమ్మా! మీటింగుంది, కంగారు, అంతే."

"కంగారుకి అంతలా కొట్టుకుంటుందా? నా దగ్గరేం దాస్తున్నావ్?"

మారెన్ ఫోన్ కట్టేసి లోపలికి వెళ్లిపోయింది. అదే పొరపాటు. డార్లీన్ వెంటనే చర్చివాళ్లకు ఫోన్ కొట్టింది. వాళ్ల చర్చిలో ఎవరికి ఒంట్లో బాగోలేకపోయినా ఒకరు ఇంకొకరికి ఫోన్ చేసి ప్రార్థించమని చెప్పుకుంటూ పోతారు. అలా పోతూ పోతూ మారెన్ కంగారు గుండెపోటయింది, గుండెపోటు ఆపరేషనయింది. పైగా జబ్బు మాట వింటే ఆ ఊరి ఆడవాళ్లు ఊరికే కూర్చోరు, ఓవెన్ వెలిగిస్తారు.

మధ్యాహ్నానికి మీటింగ్ ఇంకా సాగుతుండగానే తలుపు తెరుచుకుంది. ముందు ఫిలిస్, వెనక మరికొందరు చర్చి ఆడవాళ్లు. బూట్ల మంచు దులుపుకుంటూ, ఓవెన్‌లో వండి తువ్వాళ్లు చుట్టిన వేడివేడి హాట్‌డిష్ కూర గిన్నెలతో దిగారు.

"అయ్యో తల్లీ, నిలబడ్డావేం? ఆపరేషన్ ఎప్పుడట?"

"ఏ ఆపరేషనండీ?"

"పాపం, పిల్లకింకా చెప్పలేదు" అని ఫిలిస్ పక్కామె చెవిలో అందరికీ వినపడేట్టు అంది.

మారెన్‌కు ఏడుపొక్కటే తక్కువ. అయినా ఇంతకన్నా రుజువేం కావాలి? "చూశారా కర్ట్, నేను చెప్పేది ఇదే!"

కర్ట్ అప్పటికే పళ్లెం నింపుకున్నాడు. "చూశాను, అద్భుతం! ఒక్క దడకి ఇంతమంది పరిగెత్తుకొచ్చారు. కుర్రాళ్లకి ఇంకేం కావాలి? మార్చేది లేదు."

"నన్ను అడగలేదు కదా!"

"అడిగితే వద్దంటావుగా!"

"వద్దంటే మానెయ్యాలి!"

మాటామాటా పెరిగింది. కర్ట్ మొహం ఎర్రబడింది. పరీక్ష కోసం ఆయన చేతికీ అదే వాచీ ఉంది. అది మోగిన ప్రతిసారీ విసుగ్గా నొక్కేశాడు. కాసేపటికి ఆయన ఫోన్ మోగింది. మీటింగ్ కోసం దాన్ని గది స్పీకర్లకు కలిపి ఉంచారేమో, ఎత్తగానే గొంతు గదంతా వినిపించింది.

"కర్ట్, నేను జానిస్‌ని." విడాకులు తీసుకున్న మొదటి భార్య. ఆపదలో పిలవాల్సిన పేరు ఫోన్‌లో మార్చుకోవడం ఆయన మరిచిపోయాడు, యాప్ దాన్నే పట్టుకుంది. "నీ గుండె దడదడలాడుతోందట? కొత్తావిడ కూడా వదిలేసిందా? నిద్రలో వెక్కివెక్కి ఏడవడం తగ్గిందా లేదా?"

ఫిలిస్ జాలిగా తన ఫోన్ తీసింది. "పాపం, నిద్రలో ఏడుస్తాడట. అందరికీ చెప్పి ప్రార్థన చేయించాలి."

"వద్దు! ఎవరికీ చెప్పొద్దు!" కర్ట్ పళ్లెం వదిలేసి లేచాడు. "మారెన్, తీయించెయ్ దీన్ని! మనిషిని అడక్కుండా ఎవరికి పడితే వాళ్లకి చెప్పడమేమిటి? సిగ్గుండక్కర్లా!"

ఆయన మనసు మారేలోపే మారెన్ ఆ పని పూర్తిచేసింది.

వసంతంలో యాప్ బయటికొచ్చింది. ముందు అడిగి ఆ తర్వాతే చెప్పే పద్ధతి కుర్రకారు మనసెరిగినవాడికే తడుతుందని కంపెనీ తెగ మెచ్చుకుని, కర్ట్‌కు బహుమతిచ్చింది.